అక్క ఉన్న సొరోరిటీలో చెల్లెలికి చోటు ఖాయమా?

పెద్దమ్మాయి సభ్యురాలిగా ఉన్న సొరోరిటీలోకి (అమెరికా కాలేజీల్లో అమ్మాయిల సంఘం), ఈ ఆగస్టులో కాలేజీలో చేరబోయే చిన్నమ్మాయికీ పిలుపు వస్తుందా అని అడిగారు. రావచ్చు. అయితే ఆ ఒక్కదాన్నే నమ్ముకుని మిగతా చాప్టర్లను (క్యాంపస్‌లో ఉండే సొరోరిటీల శాఖలను) తేలిగ్గా తీసుకోవద్దని ఇప్పుడే చెప్పండి. నేను అలాగే దెబ్బతిన్నాను.

2009లో, టెక్సస్‌లో. మా అక్క అప్పటికే ఆ చాప్టర్ సభ్యురాలు. కొత్త సభ్యులను రౌండ్లవారీగా ఎంచుకునే రిక్రూట్‌మెంట్‌లో, రెండో రౌండు ఉదయం కౌన్సెలర్ చేతికిచ్చిన, నన్ను మళ్లీ పిలిచిన చాప్టర్ల కాగితంలో దాని పేరు లేదు. తిప్పి వెనక కూడా చూశాను. క్యాంపస్ పటం ఉంది. అక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. రిక్రూట్‌మెంట్ జరిగినన్నాళ్లు సభ్యులు మాతో మాట్లాడకూడదని నియమం. అది అమ్మకు ఎక్కదు కదా! "సొంత అక్క అయ్యుండి ఏం లాభం" అని అక్కతో మాటలు మానేసింది.

మరుసటి ఏడాది వేరే చాప్టర్ తరఫున ఎంపిక చేసే వైపు కూర్చున్నాక విషయం బోధపడింది. ప్రతి రౌండుకు ఎంతమందిని పిలవవచ్చో గత ఏళ్ల లెక్కలను బట్టి చాప్టర్‌కు ఒక సంఖ్య ఇస్తారు. గిరాకీ ఉన్న చాప్టర్ మొదటి రోజుల్లోనే ఎక్కువమందిని వదులుకోవాలి. పైగా అప్పట్లో చాలా సంస్థల్లో, లెగసీ అమ్మాయిని, అంటే అక్కో అమ్మో అదే సంస్థలో సభ్యురాలైన అమ్మాయిని, చివరిదైన ప్రిఫరెన్స్ రౌండుకు పిలిస్తే బిడ్ (చేరమనే ఆహ్వానం) జాబితాలో పైన పెట్టి తీరాలి. డెబ్బై చోట్లకు నలభై మంది లెగసీలు వస్తే ఏం చేస్తారు? తీసుకోవాలా వద్దా అని తాము ఊగిసలాడుతున్నవాళ్లను ముందే వదిలేస్తారు. అంటే ఆ చుట్టరికమే నన్ను తొందరగా బయటికి పంపి ఉండవచ్చు.

2020 ప్రాంతంలో గామా ఫై బీటా, డెల్టా గామా వంటి సంస్థలు ఈ ప్రాధాన్యాన్నే ఎత్తేశాయి. ఒకప్పుడు తెల్లవాళ్లకే పరిమితమైన సంఘాల్లో అమ్మమ్మల సభ్యత్వాన్ని లెక్కలోకి తీసుకుంటే, గుంటూరులో చదివిన తల్లుల పిల్లలకు ఒరిగేదేముంది? నాకు ఆ నిర్ణయం నచ్చింది. మీ పెద్దమ్మాయి సంస్థలో ఇప్పుడు ఏ పద్ధతి ఉందో ఆమెనే అడగండి. లెగసీ ఎవరన్నది కూడా సంస్థను బట్టి మారుతుంది. మన లెక్కలో పెద్దమ్మ కూతురూ అక్కే, వాళ్ల ఫారంలో సాధారణంగా కాదు.

అన్నిటికన్నా ముఖ్యం చివరి రాత్రి, చేరదలచిన చాప్టర్లను వరుసగా రాసే కాగితంపై సంతకం. ఒక్క చాప్టర్ పేరే రాసి, అది కుదరకపోతే చేతిలో బిడ్ ఉండదు. రాసినవాటిలో ఒకదాని నుంచి బిడ్ వచ్చాక కాదంటే, ఆ క్యాంపస్‌లో నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ అనే సమాఖ్యలోని మరో సొరోరిటీలో చేరడానికి మరుసటి ఏడాది రిక్రూట్‌మెంట్ దాకా ఆగాలి. కాబట్టి నిజంగా చేరగలననుకున్నవన్నీ వరుసగా రాయమనండి.

నేను రెండు రాశాను, రెండోది వచ్చింది. బిడ్ డే నాడు కొత్త చొక్కా వేసుకుని పచ్చికలో నిలబడితే, రోడ్డుకు అవతల నుంచి అక్క చెయ్యి ఊపింది. అప్పటికింకా అమ్మ తనతో మాట్లాడటం లేదు.