ఫాస్టింగ్ 98, మూడు నెలల షుగర్ 6.1: మళ్లీ టెస్టు చేయించుకోవాలా?

తమ్ముడూ, ఫాస్టింగ్ (పరగడుపు షుగర్) 98 ఉంటే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 ఎలా వస్తుంది, ల్యాబ్ వాళ్లు పొరపాటు పడ్డారేమో, సొంత డబ్బుతో మళ్లీ చేయించుకోనా అని అడిగావు. వద్దు. నేను అలాగే డబ్బు పోగొట్టుకున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

నేను గుంటూరు బ్రాడీపేట నుంచి 2008లో న్యూజెర్సీ వచ్చాను. ఇన్సూరెన్స్ ఉన్నా డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ వాళ్లు ఇవ్వడం మొదలెట్టే ముందు మనం చేతి నుంచి కట్టాల్సిన మొత్తం) అనే మాట వింటేనే గుండె దడ. ఊరెళ్లినప్పుడు గుంటూరు కొత్తపేటలో చవగ్గా చేయించుకోవచ్చులే అని నాలుగేళ్లు నెట్టుకొచ్చాను. ఊరెళ్తే పెళ్లిళ్లు, చుట్టాలు, ఇంక టెస్టెక్కడ? ఇక్కడేమో రాత్రి పదకొండింటికి ఆఫీసు నుంచి వచ్చి, కుక్కర్ గిన్నెలోనే గోంగూర పచ్చడి, నెయ్యి కలుపుకొని గిన్నె అడుగు కనిపించేదాకా తినేవాణ్ణి. బయట తినట్లేదు, డబ్బు మిగులుతోందనే సంతోషం.

చివరికి డాక్టరు పట్టుబట్టి టెస్టు రాశారు. వారం ముందు నుంచి అన్నం మానేసి రెండేసి పుల్కాలతో గడిపాను. ఫాస్టింగ్ 110. ఫాస్టింగ్‌లో డయాబెటిస్ గీత 126, అది దాటలేదుగా అని ధీమాగా ఉన్నాను. రెండు రోజులకి ఏ1సీ వచ్చింది: 7.4. నమ్మలేదు. మూడు వారాలకే ఇంకో ల్యాబులో చేతి డబ్బు పెట్టి చేయించుకుంటే 7.3. తీరా డాక్టరు దగ్గరికెళ్తే, నిర్ధారణకి రెండో టెస్టు ఎలాగూ నేనే రాసేదాన్ని కదా అన్నారు. నాకది ఇప్పటికీ బాధే.

అసలు సంగతి ఇది. రక్తంలో చక్కెర ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కి అంటుకుంటుంది. ఎర్రకణం బతికేది దాదాపు 120 రోజులు. అందుకే ఏ1సీ టెస్టు రెండు మూడు నెలల సగటు చెప్తుంది. పరగడుపున వెళ్లక్కర్లేదు, వారం పస్తుంటే మారిపోదు. ఫాస్టింగ్ ఆ ఒక్క పొద్దున సంగతే చెప్తుంది. భోజనం తర్వాత పెరిగే షుగర్ అందులో కనిపించదు, ఏ1సీలో కలుస్తుంది. నీ రెండు అంకెలకీ పొంతన లేకపోవడానికి ఎక్కువగా అదే కారణం అయుండొచ్చు.

ఏ1సీ 5.7 లోపు మామూలు, 5.7 నుంచి 6.4 దాకా బోర్డర్, 6.5 నుంచి డయాబెటిస్. నీ 6.1 అంటే రక్తంలో షుగర్ సగటున 128 దగ్గర. నువ్వు అమెరికా వచ్చి ఏడు వారాలే అంటున్నావు, కాబట్టి ఇందులో కొంత విజయవాడలో తిన్న వీడ్కోలు భోజనాల లెక్క కూడా ఉంది. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే ఈ అంకె ఎక్కువగా కనిపించొచ్చు. హిమోగ్లోబిన్ ఎంతుందో కూడా డాక్టరుని అడుగు.

ఇంకో మాట. లండన్‌లో ఉన్న మా తమ్ముడు ఒకసారి ఫోన్ చేసి "అన్నయ్యా, ఏ1సీ 50 వచ్చింది" అంటే, షుగర్ పడిపోయిందనుకొని పంచదార నీళ్లు తాగమన్నాను. అక్కడి కొలత వేరు. వాళ్ల 48 మన 6.5, వాడి 50 అంటే 6.7. తెలియకుండా సలహా ఇవ్వకూడదని ఆ రోజే అనుకున్నాను.

ఇక డబ్బు సంగతి. నీకు 36 ఏళ్లు, బరువు కాస్త ఎక్కువ అన్నావు. అమెరికాలో 35 నుంచి 70 లోపు, బరువు ఎక్కువున్నవాళ్లకి షుగర్ స్క్రీనింగ్ చాలా ప్లాన్లలో ఉచితం. కానీ బిల్లులో అది ప్రివెంటివ్ (ముందుజాగ్రత్త టెస్టు) అని పడాలి. బిల్లు రాగానే కట్టేయకు, ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి ఎలా కోడ్ చేశారో అడుగు. మిగతా రూల్స్ వాళ్ల సైట్లోనే ఉంటాయి. మళ్లీ టెస్టు ఎప్పుడో డాక్టరే చెప్తారు, ఆయన రాస్తేనే వెళ్లు.

మీ అమ్మానాన్నల్లో ఎవరికైనా షుగర్ ఉందో లేదో రాయలేదు. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి. ఈ ఆదివారం విజయవాడకి ఫోన్ చేసినప్పుడు కనుక్కో.