చర్మం కింద కణాల సంచీ పెడితే ఇన్సులిన్ సూదులు మానేయొచ్చా?

మీ అబ్బాయికి పదకొండేళ్ళు, టైప్ 1 షుగర్. ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చిన్న సంచీలో నింపి చర్మం కింద పెడతారట, హైదరాబాద్‌లో అది ఎప్పటికి దొరుకుతుంది అని అడిగారు. ఇప్పట్లో కాదండీ. కారణం మాత్రం యూట్యూబ్ డాక్టర్లు చెప్పేది కాదు. ఒంట్లోని ఇమ్యూనిటీ ఆ కణాల్ని చంపేస్తుందని, వాళ్ళు పొద్దస్తమానం దాని గురించే మాట్లాడతారు. నన్నడిగితే అసలు చిక్కంతా సంచీ నింపే దగ్గరే ఉంది.

నేను కొన్నేళ్ళు జీనోమ్ వ్యాలీలో, అంటే హైదరాబాద్ శివార్లలో మందులు, బయోటెక్ కంపెనీలుండే చోట, ఒక చిన్న కంపెనీ ల్యాబులో పనిచేశాను. ఉప్పల్‌లో బస్సెక్కి శామీర్‌పేట దాటి దిగేసరికే సగం ఓపిక అయిపోయేది, అది వేరే కథ. మేం చేసినవి మనుషులకి కాదు, ఎలుకలకి పెట్టే సంచీలు. రెండు పలచటి పొరల్ని అంచుల వెంబడి అతికిస్తారు, ఒక మూల సన్నటి గొట్టం ఉంటుంది. పొరల్లోంచి ఆక్సిజన్, గ్లూకోజ్, ఇన్సులిన్ అటూ ఇటూ పోతాయి, రోగనిరోధక కణాలు మాత్రం లోపలికి దూరలేవు. గొట్టంలోంచి సిరంజీతో కణాలు ఎక్కించి, సీల్ చేసి, మిగిలిన గొట్టం కత్తిరించాలి. చెప్పడానికి ఇంతే.

మా దగ్గర సంచీలు నింపేది ఒక సీనియర్ టెక్నీషియన్. మెదక్ వైపు మనిషి, అందరం అక్కా అనేవాళ్ళం. ఒక్కో సంచీ అయ్యాక ఆగి సిరంజీని మెల్లగా పైకీ కిందికీ తిప్పేది. గొట్టంలో బుడగ కనబడితే మళ్ళీ మొదటికి. తొందరపెడితే వినేది కాదు. ఒకరోజు పెట్టుబడి పెట్టేవాళ్ళు చూడటానికి వస్తున్నారు. విదేశంలో పీహెచ్‌డీ చేసొచ్చిన మా సారుకి టెన్షన్ ఎక్కువైంది. "ఇంతసేపా అమ్మా? జరుగు, నేను చేస్తా" అని హుడ్ ముందు, అంటే క్రిములు పడకుండా పనిచేసే గాజు అర ముందు, కూర్చున్నారు. మొదటి సంచీ బాగానే నింపారు. అంతలో ఫోన్. వచ్చేవాళ్ళు రింగ్ రోడ్డు మీద ఏ ఎగ్జిట్‌లో దిగాలో తెలియక తిరుగుతున్నారు. సారు సిరంజీని మూతి కిందికి ఉండేలా స్టాండులో పెట్టి, బయటికెళ్ళి దారి చెప్పి, చాలాసేపటికి వచ్చి మిగతావన్నీ చకచకా నింపేశారు. అక్క నావైపు ఓసారి చూసి ఊరుకుంది.

మేం సంచీల్లో నింపేది ఐలెట్లని. ఐలెట్ అంటే ఒక్క కణం కాదు, ఇన్సులిన్ తయారుచేసే కణాలుండే గుత్తి, ఒక్కోదాంట్లో వెయ్యికి పైగా కణాలు. ద్రవంలో నిమిషాల్లోనే అడుక్కి దిగిపోతుంది. పెళ్ళి పంక్తిలో పప్పుచారు అడుగునుంచి తిప్పకుండా వడ్డిస్తే ఒకరి ఆకులో ముద్ద, ఒకరి ఆకులో నీళ్ళు పడతాయే, అచ్చం అలాగే ఫోన్ తర్వాతి సంచీలోకి కణాల ముద్ద దిగింది, చివరివాటిలోకి కణాల్లేని ఉత్త ద్రవం. వచ్చినవాళ్ళకి అన్నీ ఒకేలా గులాబీరంగులో మెరుస్తూ కనబడ్డాయి, ఫొటోలు తీసుకుని సమోసాలు తిని వెళ్ళారు. రెండ్రోజుల తర్వాత బతికినవి ఆకుపచ్చగా, చచ్చినవి ఎర్రగా కనబడే రంగు వేసి చూస్తే, ముద్ద పడిన సంచీలో అంచుల్లోనే పచ్చదనం. నడుమంతా ఎరుపు. రిపోర్టులో ఏం రాశారనుకున్నారు? కణాల బ్యాచ్ బాగోలేదని! అక్క చదివింది ఇంటర్, అందుకని ఆవిణ్ణి అడిగినవాళ్ళు లేరు. మన ల్యాబుల్లో చేత్తో పని తెలిసినవాళ్ళ పేరు ఏ పేపర్లోనూ ఉండదు, కన్వేయన్స్ ఇచ్చి కాన్ఫరెన్సులకి పంపేది మాత్రం పవర్‌పాయింట్ తెలిసినవాళ్ళని.

నడుమ ఎందుకు చచ్చిపోయాయంటే ఊపిరాడక. పాంక్రియాస్‌లో ప్రతి ఐలెట్‌లోకీ రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. సంచీలో ఆక్సిజన్ బయటినుంచి ఇంకుతూ రావాలి, 200 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు, దాటితే ఇక అందదు. మనిషికి ఐలెట్లు ఎక్కించేటప్పుడు కిలో బరువుకి సుమారు 10,000 చొప్పున చూస్తారు. 60 కిలోల మనిషికి 6 లక్షలు. అన్నీ కుప్ప పోస్తే ఒక మిల్లీలీటరే. అదే ఒకే పొరగా, సంచీలో పదో వంతు చోటే వాటికిచ్చి పలచగా పరిస్తే ఎ4 కాగితమంత సంచీ కావాలి. ఎక్కడా ముద్ద కట్టకుండా అంత సమంగా నింపే చెయ్యి ఎవరిదో చెప్పండి.

వెర్టెక్స్ కంపెనీ తన సంచీ ప్రయోగాన్ని 2025 మార్చిలో ఆపేసింది. ప్రమాదమేమీ లేదు, ఇన్సులిన్ చాలినంత రాలేదంతే. కణాలు చెడ్డవా? అవే కణాల్ని సంచీ లేకుండా కాలేయానికి వెళ్ళే రక్తనాళంలోకి ఎక్కిస్తే, పూర్తి డోసు తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ అక్కర్లేకపోయింది. కాకపోతే రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతూనే ఉండాలి. పదకొండేళ్ళ పిల్లవాడికి ఆ మందులకంటే ఇన్సులిన్ పెన్నే నయమని నా అభిప్రాయం.

సంచీ పద్ధతి అసలు పనిచేయదని కాదు. రెటీనా జబ్బు ఒకదానికి కణాలు నింపిన గొట్టాన్ని కంట్లో పెట్టే చికిత్స ఎన్సెల్టో. అమెరికాలో అదే 2025 మార్చిలో దానికి అనుమతి వచ్చింది. 6 మిల్లీమీటర్లుంటుంది, లోపల ఉండేవి కొన్ని లక్షల విడి కణాలే, అందుకే నడిచింది. మన బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రివాళ్ళు ఇంకా తెలివైనవాళ్ళు. మొదట్లో మూలకణాల్ని ల్యాబులో పెంచి కంటికి అతికించేవారు. తర్వాత ఆరోగ్యంగా ఉన్న కంటి అంచునుంచి చిన్న ముక్క తీసి, దాన్ని తునకలు చేసి నేరుగా దెబ్బతిన్న కంటిమీద అమర్చే పద్ధతిని 2012లో ప్రచురించారు. కణాలు పెంచే ల్యాబు బెడదే లేదు!

ఇక ఏదో క్లినిక్‌వాళ్ళు స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌కి లక్షలు అడుగుతున్నారని చివర్లో రాశారు. టైప్ 1 షుగర్‌కి ఆ చికిత్స ట్రయల్‌గా తప్ప చేయకూడదని ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి, ట్రయల్‌కి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మళ్ళీ ఫోన్ చేస్తే, దేశంలో ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్ఐలో వాళ్ళ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నీళ్ళు నమిలితే వాళ్ళ ఫోన్ నంబరు బ్లాక్ చేసేయండి.