పాఠకుల ప్రశ్నలు – జవాబులు: అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో పరుగెత్తి గెలిచిన డివిజన్ టూ సీజన్

ప్రశ్న: వారెన్స్‌బర్గ్‌లో, సెంట్రల్ మిస్సోరి యూనివర్సిటీలో ఎం.ఎస్. చేస్తున్నాను. 2023 ప్లేఆఫ్స్‌లో మా మ్యూల్స్ జట్టు హార్డింగ్ చేతిలో 35-34తో ఓడింది. బంతి విసిరే మా క్వార్టర్‌బ్యాక్ ఆ ఏడాది 5 వేల గజాలకు పైగా పాసులు విసిరి, డివిజన్ టూలో ఉత్తమ ఆటగాడికిచ్చే హార్లన్ హిల్ ట్రోఫీ గెలిచాడు. హార్డింగ్ వాళ్లేమో బంతి విసరడమే అరుదు. మరి వాళ్లు ఎలా గెలిచారండీ?

జవాబు: ఆ ఒక్క పాయింటు తేడా మీకు బాధగానే ఉంటుంది. కానీ హార్డింగ్ ఆట తీరు తెలిస్తే ఆ మ్యాచ్ మీద మీకు గౌరవం పెరుగుతుంది. ఆర్కాన్సాలోని సర్సీ అనే చిన్న ఊరి జట్టు అది. ఆ సీజన్‌లో 15 మ్యాచ్‌లు ఆడి 15 గెలిచింది. పరుగులోనే 6,160 గజాలు సాధించింది, అంటే మ్యాచ్‌కి 410 గజాల పైమాటే. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏలో వన్, టూ, త్రీ అని మూడు డివిజన్లు, అన్నిటిలోనూ అది రికార్డు.

వాళ్లు ఆడేది ఫ్లెక్స్‌బోన్ ట్రిపుల్ ఆప్షన్, అంటే బంతితో ముగ్గురిలో ఎవరు పరుగెత్తాలో ఆట నడుస్తుండగానే తేల్చే పద్ధతి. క్వార్టర్‌బ్యాక్, తనకు బంతి అందించే సెంటర్‌ని ఆనుకుని నిలబడతాడు. అతని వెనక, బంతికి సుమారు నాలుగు గజాల దూరంలో ఫుల్‌బ్యాక్ అనే పరుగు ఆటగాడు ఉంటాడు. లైన్ రెండు కొసల్లో స్లాట్‌బ్యాక్ అనే పరుగు ఆటగాడు ఒక్కొక్కడు కాస్త వెనక్కి నిలబడతాడు. స్నాప్‌కి, అంటే సెంటర్ బంతి అందించడానికి, రెప్పపాటు ముందు ఒక స్లాట్‌బ్యాక్ అడ్డంగా పరుగు మొదలుపెడతాడు.

కీలకం ఇక్కడే ఉంది. ఎదుటి జట్టులో ఇద్దరిని కావాలనే ఎవరూ అడ్డుకోరు. క్వార్టర్‌బ్యాక్ బంతిని ఫుల్‌బ్యాక్ పొట్ట దగ్గర పెట్టి, ఆ ఇద్దరిలో మొదటివాడి కదలిక చూస్తాడు. అతను ఫుల్‌బ్యాక్ మీదికి వస్తే బంతి వెనక్కి లాగేసుకుంటాడు, రాకపోతే అక్కడే వదిలేస్తాడు. లాగేసుకున్నాక లైన్ చివరికి పరుగెత్తి రెండోవాణ్ని చూస్తాడు. వాడు తన మీదికి వస్తే, నాలుగైదు గజాల పక్కన కొంచెం వెనగ్గా పరుగెత్తుతున్న స్లాట్‌బ్యాక్‌కి బంతి విసురుతాడు, దాన్నే పిచ్ అంటారు. రాకపోతే తానే ముందుకు దూసుకెళ్తాడు. ఇద్దర్ని నిర్ణయంతోనే తప్పించారు కాబట్టి, వాళ్లను అడ్డుకోవలసిన ఇద్దరు బ్లాకర్లు, ఎదుటి లైన్ వెనక కాపలా ఉండే లైన్‌బ్యాకర్ల మీదికి పోవచ్చు. 130 కిలోల లైన్‌మన్లు దొరకని జట్టుకి ఇంతకన్నా మంచి లెక్క లేదని నా గట్టి అభిప్రాయం. డివిజన్ టూలో ఒక జట్టుకి ఇచ్చే స్కాలర్‌షిప్పులు మొత్తం కలిపి 36కి మించవు. వందమంది ఆటగాళ్లున్నా వాటినే ముక్కలు చేసి పంచుకోవాలి.

గడియారం కూడా వాళ్లకే కలిసొస్తుంది. పాసు నేలపాలైతే గడియారం ఆగుతుంది. మైదానం లోపలే పడిపోయిన పరుగుకి ఆగదు. పైగా 2023లో వచ్చిన మార్పుతో, ప్రతి సగంలో చివరి రెండు నిమిషాల్లో తప్ప 10 గజాలు పూర్తయి ఫస్ట్ డౌన్ వచ్చినా గడియారం ఆపడం మానేశారు. నాలుగు డౌన్లలో, అంటే నాలుగు ప్రయత్నాల్లో, 10 గజాలు కావాలి, వీళ్లు మూడేసి నాలుగేసి గజాల చొప్పున నడుస్తూ పోతుంటే మీ క్వార్టర్‌బ్యాక్ బెంచీ మీదే కూర్చోవాలి. ఎంత గొప్పగా విసిరేవాడైనా చేతికి బంతి రానిదే ఏం చేస్తాడు?

ప్రశ్న: అంత బాగా పనిచేస్తే అందరూ అదే ఆడొచ్చు కదా? ఎక్కడ దెబ్బతింటుంది?

జవాబు: దెబ్బతినే చోట్లు చాలానే ఉన్నాయి. బంతి ఇద్దరి చేతుల్లో ఉండే ఆ క్షణాన్ని మెష్ అంటారు. ఫుల్‌బ్యాక్ తొందరపడి చేతులు బిగించాడంటే, క్వార్టర్‌బ్యాక్ లాగినప్పుడు బంతి జారి కింద పడుతుంది. అందుకే ఫుల్‌బ్యాక్ మెత్తగా పట్టుకోవాలి, క్వార్టర్‌బ్యాక్ చూపు బంతి మీద కాకుండా ప్రత్యర్థి మీద ఉండాలి. ఇది రోజూ వందలసార్లు చేస్తే తప్ప రాదు. పిచ్ వెనక్కి వేసేది కాబట్టి, జారితే ఇన్‌కంప్లీట్ పాస్ కాదు, ఎవరికి దొరికితే వాళ్లది. ప్రత్యర్థిని చేత్తో పట్టి ఆపినందుకు (హోల్డింగ్) 10 గజాల జరిమానా పడిందంటే 20 గజాలు కావాలి, అక్కడ మూడు నాలుగు గజాల పద్ధతి చతికిలబడుతుంది. 2022 నుంచి నడుము కింద బ్లాక్ చేయడాన్ని లైన్‌కి దగ్గరున్న బాక్స్‌కే పరిమితం చేశారు. దాంతో బయటి వైపు చిన్న స్లాట్‌బ్యాక్ తనకన్నా పెద్దవాణ్ని నిలబడే ఆపాల్సి వస్తోంది.

ఆపడం అసాధ్యమేమీ కాదు. ఆ ఏడాది క్వార్టర్‌ఫైనల్లో గ్రాండ్ వ్యాలీ స్టేట్ దాదాపు ఆపేసింది, హార్డింగ్ 7-6తో బయటపడింది. ఫుల్‌బ్యాక్‌కి ఒకడు, క్వార్టర్‌బ్యాక్‌కి ఒకడు, పిచ్‌కి ఒకడు అని పంచుకుని, బంతి ఎటు పోయినా ఎవడి మనిషిని వాడు వదలకుండా ఉండాలి. మధ్యలో ఒక్కడు ఆశపడి పక్కవాడి పనికి పోయాడా, గోల్‌లైన్ దాకా దారి ఖాళీ. వారం రోజుల్లో దీనికి సిద్ధం కావడమే కష్టం, ఎందుకంటే ప్రాక్టీసులో ఆ వేగంతో ఆప్షన్ ఆడి చూపించే సొంత ఆటగాళ్లు ఎవరి దగ్గరా ఉండరు. ఆపలేకపోతే ఏమవుతుందో చూడండి: హార్డింగ్ సెమీఫైనల్లో లెనోయిర్-రైన్ మీద 55-14తో, ఫైనల్లో కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్ మీద 38-7తో గెలిచింది. ఆ ఫైనల్లో హార్డింగ్ పరుగులోనే 500 గజాలు దాటింది.

ప్రశ్న: మేరీవిల్ నుంచి అడుగుతున్నాను. మా నార్త్‌వెస్ట్ మిస్సోరి స్టేట్ ఆరుసార్లు ఛాంపియన్. అయినా బలమైన జట్లన్నీ ఒకే గుంపులో పడి ముందే కొట్టుకుపోతున్నాయి. ఎందుకలా?

జవాబు: ప్రయాణ ఖర్చు తగ్గించడానికి. దేశాన్ని నాలుగు సూపర్ రీజియన్లుగా చేసి, ప్రతి రీజియన్‌లో తేల్చుకున్నాకే మిగతావాళ్లతో ఆడిస్తారు. 2023లో రీజియన్‌కి 7 చొప్పున 28 జట్లు. మొదటి సీడ్‌కి తొలి వారం విశ్రాంతి. అందుకే హార్డింగ్ 11 మ్యాచ్‌ల తర్వాత నాలుగే ఆడి కప్పు కొట్టింది. 2025 నుంచి 32 జట్లు కావడంతో ఆ విశ్రాంతి పోయింది. 2023లో ఆర్కాన్సా, మిస్సోరి, మిషిగన్ జట్లు ఒకే గుంపులో పడటం అన్యాయమనే నేనూ అంటాను.

ప్రశ్న: మేము ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి పదకొండో గ్రేడ్, స్కూల్ జట్టులో కిక్కర్. డివిజన్ టూకి ప్రయత్నించాలా, త్రీకా?

జవాబు: ముందు డబ్బు సంగతి చూసుకోండి. డివిజన్ త్రీలో ఆటకి స్కాలర్‌షిప్ అసలు ఇవ్వరు, చదువుని బట్టీ కుటుంబ ఆదాయాన్ని బట్టీ వచ్చేదే సాయం. టూలో ఇస్తారు గానీ కిక్కర్‌కి దక్కేది మామూలుగా చిన్న ముక్కే. మార్కులు బాగుంటే త్రీలోనే చేతికి ఎక్కువ రావచ్చు, రెండు కాలేజీల చివరి బిల్లులు పక్కపక్కన పెట్టి చూడండి. టూకి వెళ్లాలంటే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో నమోదై, 16 కోర్ కోర్సులు పూర్తిచేసి, వాటిలో 2.2 జీపీఏ తెచ్చుకోవాలి. కోచ్‌లకు పంపే వీడియోలో గోల్‌పోస్టుల వెనక నుంచి తీసిన కిక్కులు తప్పనిసరిగా ఉండాలి. పక్క నుంచి తీస్తే బంతి ఎటు వంగిందో కనపడదు.

ప్రశ్న: హైదరాబాద్‌లో బీటెక్ అయిపోయింది, ఎం.ఎస్.కి వెళ్తున్నాను. అక్కడి జట్టులో ఆడొచ్చా?

జవాబు: డివిజన్ టూలో ఫుల్‌టైమ్ చదువు 10 సెమిస్టర్ల లోపే ఆట. మీ బీటెక్ 8 సెమిస్టర్లూ ఆ లెక్కలోకి వస్తాయి, మిగిలేది రెండే. చేరకముందే కాలేజీ అథ్లెటిక్స్ విభాగంలో నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోండి.

ప్రశ్న: మొదటిసారి మ్యాచ్ చూడటానికి వెళ్తున్నాం. ఎక్కడ కూర్చోవాలి?

జవాబు: పాసుల జట్టయితే మధ్య గీత దగ్గర, పై వరసల్లో. ఆప్షన్ ఆడే జట్టయితే ఎండ్ జోన్ వెనక పైకెక్కండి. లైన్‌మన్ల మధ్య సందులు అక్కడి నుంచే విడిగా కనిపిస్తాయి. బంతిని వెతకొద్దు. మొదట ఫుల్‌బ్యాక్‌ని చూడండి, అతను ఖాళీ చేతులతో పడిపోతే వెంటనే చూపు క్వార్టర్‌బ్యాక్ మీదికి తిప్పండి. నవంబర్ మ్యాచ్‌కైతే కూర్చోవడానికి ఒక దుప్పటి మడిచి తీసుకెళ్లండి, అల్యూమినియం బెంచీ చలికి గడ్డకట్టి ఉంటుంది.