పుట్టింట్లో ఉన్న మా అమ్మాయికి చిన్నాయన రాసేది

అమ్మీ,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి అంతా చెప్పినాడు. పంచాయితీలో మాటా మాటా పెరిగి మీ అన్న మన అల్లుని మీద చెయ్యి చేసుకున్నాడని, వాళ్ళు పోయి కేసు పెట్టినారని, మీ అన్నకూ నాయనకూ స్టేషన్ నుంచి నోటీసు వచ్చిందని. "మనమూ ఒక కేసు పడేస్తే వాళ్ళే దారికొస్తారు" అని మీ ఇంట్లో అంటున్నారంట. కడప కోర్టులో వకీలు దగ్గర గుమాస్తాగా నా వయసంతా గడిచింది. అదే మాట పట్టుకుని కోర్టుకెక్కి, చంకలో ఉన్న బిడ్డ బడికి పోయే వయసొచ్చినా వాయిదాలు తిరుగుతున్న వాళ్ళను చూసినా. అందుకే రాస్తున్నా. నింపాదిగా చదివి మీ అన్నకూ వినిపించు.

ముందు మీ అన్న సంగతి. ఆ నోటీసు 35(3) కింద ఇచ్చిందయితే కంగారు పడొద్దు. 2024 జులై 1 నుంచి, కేసులు నడిపే పద్ధతి చెప్పే పాత సీఆర్‌పీసీ చట్టం బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత నడుస్తోంది. పాత 41ఏ నోటీసే ఇది. చెప్పిన రోజుకు, చెప్పిన టైముకు పోతుంటే మామూలుగా అరెస్టు చెయ్యరు, చెయ్యాలంటే కారణం కాగితం మీద రాయాల. ఊరు విడిచిపోతే ఆ కారణం మనమే ఇచ్చినట్టవుతుంది. మీ నాయనకు అరవై దాటినాయి కదా, మూడేండ్ల లోపు శిక్ష ఉండే నేరమైతే డీఎస్పీ అనుమతి లేకుండా ఆయన్ను అరెస్టు చెయ్యకూడదు.

ఎఫ్ఐఆర్ నకలు తెచ్చుకుని ఏ సెక్షన్లు వేసినారో చూడండి. ఉత్త చేత్తో కొట్టిన దెబ్బకు, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలో 115(2), అది బెయిలబుల్, బెయిలు మన హక్కు. ఆసుపత్రి నుంచి వచ్చే గాయాల సర్టిఫికెట్‌లో ఎముక విరిగిందనో పన్ను ఊడిందనో ఉంటే సెక్షన్ మారుతుంది, శిక్ష ఏడేండ్ల దాకా పోతుంది. స్టేషన్లో రాసుకున్న వాంగ్మూలం కింద మీ అన్న సంతకం పెట్టనక్కరలేదు, చట్టమే పెట్టించుకోవద్దంటుంది. తెల్ల కాగితం మీదైతే ఎవరు అడిగినా, ఎంత మంచిగా అడిగినా పెట్టొద్దు. ఒకవేళ అరెస్టు చేసినా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తేవాల్సిందే. బెయిలు వచ్చినాక ఒక్క వాయిదా కూడా చెప్పకుండా ఎగ్గొట్టొద్దని గట్టిగా చెప్పు, వారెంటు పడుతుంది.

ఇక నీ సంగతి. ఇక్కడ నీకొక్కదానికే చెప్తున్నా. నీకు కావాల్సింది ఏంది? మళ్ళీ కాపురమా, బిడ్డకూ నీకూ మనోవర్తా, విడాకులా, చేసినదానికి వాళ్ళకు శిక్షా? ఇది నువ్వు తేల్చుకోవాల, మీ అన్న కాదు. ఒక్కోదానికి ఒక్కో దారి ఉంది. ఒకటి కావాలని ఇంకోదాంట్లో పోతే ఏదీ చేతికి రాదు.

కట్నం కోసం కొట్టినారు, తిట్టినారు అన్నది నిజం కాబట్టి కేసు పెట్టే హక్కు నీకుంది. పాత 498ఏ ఇప్పుడు న్యాయ సంహితలో 85, మూడేండ్ల దాకా జైలు. అల్లుడు బెంగళూరులో ఉన్నా నువ్వు ప్రొద్దుటూరులోనే ఫిర్యాదు ఇయ్యొచ్చని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అయితే ఎవరు ఏం చేసినారో, ఏ తేదీన చేసినారో అంతే రాయి. పెండ్లయి వేరే ఊళ్ళో ఉన్న ఆడబిడ్డను, మంచం దిగలేని ముసలాయన్ను కూడా ఇరికించమని చెప్పేవాళ్ళుంటారు. వినొద్దు. అట్లా ఊరికే పేర్లు చేర్చిన కేసులను సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కూడా కొట్టేసింది. లేనిది కలిపితే ఉన్నది కూడా నమ్మరు.

ఆ కేసు గెలిచినా నీ బిడ్డకు పాలడబ్బా రాదు. దానికి నాగరిక్ సురక్షా సంహిత 144 కింద మనోవర్తి పిటిషన్ వేరే వెయ్యాల. గృహహింస చట్టం, అది 2005లో వచ్చింది, దాని కిందైతే ఉండే ఇల్లు, ఖర్చులు, రక్షణ అన్నీ ఒకే పిటిషన్లో అడగొచ్చు. ఇద్దరూ ఆస్తులు, ఆదాయాల అఫిడవిట్ వెయ్యాలని, పిటిషన్ వేసిన తేదీ నుంచే మనోవర్తి లెక్కకట్టాలని 2020 తీర్పు ఉంది. కాబట్టి ఆలస్యమైన ప్రతి నెలా నీకే నష్టం.

నగల గురించి మీ అమ్మ ఏడుస్తోందన్నారు. పుట్టింటి వాళ్ళు పెట్టినవీ, పెండ్లిలో నీ చేతికి చదివించినవీ నీ స్త్రీధనం, మీ అత్త బీరువాలో ఉన్నంత మాత్రాన వాళ్ళవి కావు. తిరిగి ఇచ్చేది లేదని మొండికేస్తే అదీ నేరమే. బంగారం అంగట్లో ఇచ్చిన రసీదులు వెతకండి. దొరకకపోతే పెండ్లి ఆల్బం తీసి, తలంబ్రాల ఫోటోలో నీ మెడలో ఏమేం ఉన్నాయో చూసి ఒక్కొక్కటే రాయి: హారం, నల్లపూసలు, గాజులు ఎన్ని జతలు, సుమారు ఎన్ని తులాలు. ఏ ఫోటోలో ఏది కనిపిస్తుందో పక్కనే గుర్తు పెట్టు. వకీలు అడిగే మొదటి కాగితం అదే. అల్లుడు పంపిన వాట్సాప్ మెసేజీలు ఒక్కటి కూడా చెరపొద్దు, ఆ ఫోన్ అమ్మొద్దు. నువ్వు మాత్రం వాళ్ళను తిడుతూ స్టేటస్‌లు పెట్టొద్దు తల్లీ, రేపు అవే నకళ్ళు తీసి జడ్జి ముందు పెడతారు.

పెద్దమనుషులు మళ్ళీ కూర్చుంటామంటే కూర్చోనీ. కాపురం నిలబడితే నాకంటే సంతోషపడేవాళ్ళు లేరు. కానీ స్టాంపు కాగితం మీద విడాకులు రాసుకుని, డబ్బు చేతిలో పెట్టి ఇంతటితో సరి అంటే ఒప్పుకోవద్దు. మన పెండ్లికి అది విడాకులు కాదు. దాన్ని నమ్మి వాళ్ళబ్బాయి ఇంకో పెండ్లి చేసుకున్నా, నువ్వు చేసుకున్నా నేరమవుతుంది. ఇద్దరికీ ఇష్టమైతే ఏడాది విడిగా ఉన్నాక కోర్టులో హిందూ వివాహ చట్టం 13బి కింద పిటిషన్ వేసుకోవచ్చు. మామూలుగా ఆర్నెల్లు ఆగమంటారు, తగిన కారణముంటే ఆ గడువు కూడా తగ్గిస్తారు.

ఫీజుకని మీ నాయన బర్రెను అమ్ముతానన్నాడంట, ఆపు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలని 1987 చట్టం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ ఇస్తే చాలు. ముందుగా అడగాలనుకుంటే 15100కు ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు. రాత్రిపూట ఇంటి మీదికొస్తే మాత్రం 112.

మీ అన్న నోటీసు రోజు కానిచ్చుకున్నాక కడపకు రా. పెండ్లి కార్డు, ఆల్బం, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్, ఆధార్, ఆ నగల కాగితం తీసుకురా. అర్జీ నేనే దగ్గరుండి రాయిస్తా.

మీ చిన్నాయన