గెట్ జాబితా పక్కన పెట్టి, పంటెక్కి చూడమ్మా

ప్రశ్న: మాది సఖినేటిపల్లండి. రోజూ పంటు (మనుషుల్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ) మీద రేవు దాటి నరసాపురం వెళ్లి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీ వాళ్లకి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్ష రాద్దామని ఉంది. కోచింగ్‌లో ‘గెట్’తో వచ్చే ఫ్రేజల్ వెర్బ్‌లు (క్రియకి ‘ఆన్’, ‘ఆఫ్’ లాంటి చిన్నమాట చేరి అర్థం మారేవి) నలభై ఇచ్చారు. మూడుసార్లు బట్టీ పట్టినా మాక్ టెస్టులో కలగాపులగం అయిపోతున్నాయి. నాకిక ఇంగ్లీషు రాదేమోనని భయంగా ఉందండి.

జవాబు: లోపం నీలో లేదమ్మా. ఒకే మాటతో మొదలయ్యే నలభైని ఒకచోట కుక్కితే ఎవరికైనా కలిసిపోతాయి. ముందు ఆ జాబితా పక్కన పెట్టు.

ఇప్పుడు నేనన్న ‘పక్కన పెట్టు’ చూడు. మామ్మ అన్నం పెడుతుంది, నాన్న చేపల చెరువులో డబ్బు పెడతారు, ఎవరో గుట్టు బయటపెడతారు, చిన్నోడు పేచీ పెడతాడు. ‘పెట్టు’ ఒక్కటే, తోడుమాట మారేసరికి అర్థం మారింది. వీటికి నీకెవరూ పట్టిక ఇవ్వలేదు, సందర్భంలో విని నేర్చుకున్నావు. ఫ్రేజల్ వెర్బ్ కూడా ఇలాంటిదే. కాకపోతే ఇంగ్లీషులో తోడుమాట క్రియకి వెనక వస్తుంది. కాబట్టి ‘గెట్’ని వదిలి ఆ వెనకమాటని పట్టుకో.

పంటు ఎక్కడం ‘గెట్ ఆన్’, దిగడం ‘గెట్ ఆఫ్’. రేవు దగ్గర ఆటో ఎక్కితే మాత్రం ‘గెట్ ఇన్’, దిగితే ‘గెట్ అవుట్’. నిలబడి నాలుగడుగులు వేయగలిగిన బస్సు, రైలు, పంటులకి ‘ఆన్’. వంగి లోపల కూర్చునే కారు, ఆటోలకి ‘ఇన్’. బైకు మీద కూర్చుంటాం గనక దానికీ ‘ఆన్’. ‘ఎక్రాస్’ అంటే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి. నీ మాట ఎదుటివాళ్ల ఒడ్డుకి చేరితే అదే ‘గెట్ ఎక్రాస్’. ‘త్రూ’ అంటే ఇటు దూరి అటు తేలడం. పరీక్ష గట్టెక్కితే ‘గెట్ త్రూ’. జ్వరం నుంచి, దిగులు నుంచి తేరుకోవడం ‘గెట్ ఓవర్’. అడ్డుగా ఉన్నదాన్ని దాటి అవతలికి వచ్చామన్నమాట. చాలీచాలని జీతంతో నెట్టుకురావడం ‘గెట్ బై’.

అన్నీ ఇలా లొంగవు. తప్పు చేసి శిక్ష పడకుండా జారుకోవడాన్ని ‘గెట్ అవే విత్’ అంటారు. దాన్ని విడదీయకుండా ఒకే మాటలా వాక్యంతో సహా గుర్తుంచుకోవాలి.

తెలుగు మీడియం పిల్లలు అర్థంలోనే కాదు, మాటల వరసలో కూడా తప్పుతుంటారు. ‘టర్న్ ఆఫ్ ద మోటార్’, ‘టర్న్ ద మోటార్ ఆఫ్’ రెండూ సరైనవే. మోటారు బదులు ‘ఇట్’ వస్తే మాత్రం అది మధ్యలోనే కూర్చోవాలి: ‘టర్న్ ఇట్ ఆఫ్’. ‘టర్న్ ఆఫ్ ఇట్’ తప్పు. ‘లుక్ ఆఫ్టర్’ లాంటివి అసలు విడవు: ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనే అనాలి. తప్పులు పట్టే ప్రశ్నల్లో నీకు పనికొచ్చేది ఇదే.

లెక్క కూడా చూసుకో. సీజీఎల్ మొదటి దశ అయిన టైర్-1లో 100 ప్రశ్నలకి ఇంగ్లీషువి 25. రెండో దశ టైర్-2లో ఇంగ్లీషుకే 45 ప్రశ్నలు, 135 మార్కులు. ఇంగ్లీషు వదలదగ్గది కాదు, కానీ అందులో ఫ్రేజల్ వెర్బ్‌ల వాటా కొద్దిపాటిదే. రోజుకి ఇరవై నిమిషాలు చాలు, మిగతా సమయం వ్యాకరణానికీ ప్యాసేజీలకీ ఇవ్వు. ఒకవేళ ప్రైవేటు ఉద్యోగం వైపు వెళ్లినా ఈ శ్రమ వృథా కాదు. మనవాళ్లకి ‘పోస్ట్‌పోన్’ వచ్చు. అదే అర్థంతో ఇంటర్వ్యూ చేసేవాళ్లు ‘పుట్ ఆఫ్’ అంటే మాత్రం మనవాళ్లు బిత్తరపోతారు.

రోజుకి రెండే తీసుకో. ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ‘గెట్’ తెరిస్తే చివర ఫ్రేజల్ వెర్బ్‌లు ఉదాహరణలతో ఉంటాయి. ఒక్కోదానికి నీ ఇంట్లోనో రేవులోనో ఆ రోజు జరిగినదాని మీద ఒక వాక్యం రాయి. ‘గెట్’వి రెండూ ఒకేరోజు వద్దు, ఒకటి ‘గెట్’ది అయితే రెండోది ‘పుట్’దో ‘లుక్’దో చూసుకో. నెల తర్వాత అదే మాక్ టెస్టు మళ్లీ రాసి, ఎన్ని తప్పాయో కాదు, ఏవి తప్పాయో నాకు రాసి పంపు.