ముఖానికి వంట సోడా రాసుకోవచ్చా? ఎంత వాడాలి?

వంట సోడాలో నిమ్మరసం కలిపి వారానికి రెండుసార్లు పట్టిస్తే మచ్చలు పోతాయని విన్నానని, ఎంత వాడితే ప్రమాదం ఉండదని అడిగారు. తెనాలిలో ఇంట్లోనే చిన్న పార్లర్ నడుపుతున్నాను. నా దగ్గరికొచ్చే ముఖాలు చూసి చెప్తున్నానండీ, నిమ్మకాయ మాట పూర్తిగా మర్చిపోండి. సోడా కూడా వాడకపోవడమే మేలు.

మన చర్మానికి సహజంగానే కాస్త పులుపు గుణం ఉంటుంది, పీహెచ్ (పులుపు, క్షార గుణాల్ని కొలిచే అంకె, 7 కంటే తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం) 5 దగ్గర్లో. వంట సోడా కలిపిన నీళ్లది 8 పైనే. ఎన్ని నీళ్లు కలిపినా ఆ అంకె పెద్దగా దిగదు. "సబ్బు ఇంకా ఘాటు కదా, రోజూ రుద్దుకోవట్లేదా?" అని కస్టమర్లు అడుగుతుంటారు. నిజమే, మామూలు సబ్బుది 9, 10 దాకా ఉంటుంది. కానీ సబ్బును అప్పటికప్పుడే కడిగేస్తాం. ప్యాక్‌ను మాత్రం ఆరేదాకా ఉంచుకుంటాం, పైగా పలుకులతో రుద్దుతాం. పైపొర గీసుకుపోతుంది కాబట్టే ఆ పూటకి ముఖం నున్నగా, తేటగా కనిపిస్తుంది. నిమ్మరసం పడగానే బుసబుస పొంగేది ఉత్త గ్యాసే, అది మురికిని లాగదు. నిమ్మరసం ముఖం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లమచ్చలు పడొచ్చు.

నిశ్చితార్థానికి ముందు ఒకమ్మాయి ఐబ్రోస్ చేయించుకోవడానికి వచ్చింది. ముక్కు పక్కల ఎర్రగా కంది, బుగ్గల మీద సన్నటి పొట్టు లేస్తోంది. రోజ్ వాటర్ దూది ఆనించగానే ఉలిక్కిపడింది. అడిగితే సోడా, నిమ్మకాయ ప్యాక్ అని చెప్పింది. దారం ముట్టుకోకుండా పంపించేశాను. మంట తగ్గాక అక్కడే గోధుమరంగు మచ్చలు మిగిలాయి. మనలాంటి చామనఛాయ వాళ్లకి చర్మం కందితే ఆ మచ్చ నెలల తరబడి వదలదు.

అయినా చూడాలనుకుంటే రెండు చెంచాల శనగపిండిలో చిటికెడు సోడా, తడపడానికి నీళ్లు, అంతే. ముందు చెవి కింద దవడ మీద కొంచెం రాసి, కడిగేసి, ఒక రోజంతా ఆగి చూడండి. ఏమీ కాకపోతే ముక్కు మీద, గడ్డం మీద మాత్రమే రాసి, రుద్దకుండా అర నిమిషంలో కడిగేసి, వెంటనే మాయిశ్చరైజర్ రాయండి. నెలకొకసారి మించి వద్దు. వాక్సింగ్, థ్రెడింగ్, షేవింగ్ చేసిన రోజుల్లో అసలే వద్దు. మొటిమలకి డాక్టర్ రాసిచ్చిన క్రీములు వాడుతున్నా, ఎగ్జిమా ఉన్నా దీని జోలికి పోకండి. బట్టల సోడా వేరు, దాని ఘాటు చాలా ఎక్కువ, డబ్బా చూసుకుని తీయండి.

నేనైతే సోడాని దువ్వెనలు నానబెట్టి కడగడానికే వాడతాను. ముఖానికి పెసరపిండి, పెరుగు చాలు. మచ్చలకి ఎండలో సన్‌స్క్రీన్ తప్పనిసరి.

ఇప్పటికే మంటగా ఉంటే చల్లటి నీళ్లతో బాగా కడిగి, వాసన లేని మాయిశ్చరైజర్ ఒక్కటే రాయండి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీము మాత్రం తెచ్చుకోకండి. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, నీరు కారుతున్నా స్కిన్ డాక్టర్‌కి చూపించండి.