బ్యాంకు ఇస్తానన్న 96 వేలు తీసుకోండి, మూడు రూపాయల వడ్డీ జోలికి వెళ్లకండి

(ఇది 2020 జూలైలో, కరోనా వల్ల బడులు మూతపడి ఉన్నప్పుడు వచ్చిన ప్రశ్న. జవాబులోని పథకాలు, వడ్డీలు, గడువులు, ధరలు అన్నీ అప్పటివే.)

ప్రశ్న: సార్, మాది హైదరాబాద్ బాగ్ అంబర్‌పేటలో స్కూలు యూనిఫామ్‌లు కుట్టే షాపు. నాలుగు మిషన్లు, ఇద్దరు టైలర్లు. ఏటా జూన్‌లో వచ్చే డబ్బుతోనే ఏడాదంతా నెట్టుకొస్తాం. ఈసారి జూలై అయిపోతున్నా బడులు తెరవలేదు, పత్తర్‌గట్టీలో అరువు తెచ్చిన రెండు లక్షల బట్ట తానులకు తానులు అలాగే ఉంది. ముద్ర లోన్ 11 శాతం వడ్డీ మీద ఫిబ్రవరి ఆఖరుకు 4 లక్షల 80 వేలు ఉంది, ఈఎంఐ 15,700, ఇంకా 36 నెలలు. మార్చి నుంచి మారటోరియంలో (కరోనా వల్ల ఈఎంఐలు కట్టడం వాయిదా వేసుకోనిచ్చారు కదా, అందులో) ఉన్నాం. ఇప్పుడు బ్యాంకువాళ్లు ఇంకో 96 వేలు ఇస్తామంటున్నారు, అప్పు మీద అప్పు ఎందుకని మా ఆయన వద్దంటున్నారు. మా బావగారేమో తెలిసినాయన దగ్గర నూటికి మూడు రూపాయలకు ఇప్పిస్తానంటున్నారు. మా ఆయనకు సగం జీతమే వస్తోంది, పీఎఫ్ తీసేద్దామా? మా షాపు ముందు మిర్చి బండి పెట్టుకునే అన్న కూడా ఏదైనా సాయం ఉందేమో అడగమన్నాడు.

జవాబు: అక్కా, ముందు మీ బావగారికి ఫోన్ చేసి వద్దని చెప్పేయండి. ఆయన మంచి మనసుతోనే అని ఉంటారు, కాదనను. కానీ నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. 96 వేలకు నెలకు 2,880 రూపాయలు వడ్డీకే పోతాయి, మూడేళ్లు కట్టినా అసలు 96 వేలూ అలాగే నిలబడి ఉంటుంది.

ఇప్పుడు బ్యాంకు సంగతి చూడండి. 2020 మే నెలలో కేంద్రం 3 లక్షల కోట్లకు తాను గ్యారంటీ ఉంటానని చిన్న వ్యాపారాల కోసం అత్యవసర రుణ పథకం ప్రకటించింది కదా, మీకు వచ్చిన ఫోన్ దాని గురించే. ఫిబ్రవరి 29 నాటికి మీ బాకీ ఎంతుందో అందులో 20 శాతం ఇస్తారు, 4,80,000లో అది సరిగ్గా 96 వేలు. బ్యాంకు అయితే వడ్డీ 9.25 శాతం దాటకూడదు (ఫైనాన్స్ కంపెనీలకు 14 వరకు ఉంది). నాలుగేళ్ల గడువు, మొదటి ఏడాది వడ్డీ ఒక్కటే, అంటే నెలకు 740 రూపాయలు. ఆ తర్వాత మూడేళ్లు నెలకు సుమారు 3,060 కడితే అసలుతో సహా తీరిపోతుంది. బయట వడ్డీకే ఇచ్చే 2,880 పక్కన ఈ 3,060 పెట్టి మీ ఆయనకు చూపించండి. ప్రాసెసింగ్ ఫీజు లేదు, కొత్తగా తాకట్టు అడగకూడదు, ఎవరైనా అడిగితే రాసివ్వమనండి. ఈ పథకం గడువు 2020 అక్టోబరు 31 దాకా ఉంది, ఆ 3 లక్షల కోట్లు అంతకన్నా ముందే అయిపోతే అక్కడితో ఆపేస్తారు, కాబట్టి ఈ వారమే వెళ్లండి.

మీ ఆయన భయం అర్థంలేనిదేం కాదు. ఈ డబ్బు ఇంటి ఖర్చుల్లో కలిసిపోతే ఆయన అన్నట్టే అప్పు మీద అప్పు అవుతుంది. అందుకని చేతికి రాగానే పత్తర్‌గట్టీ షావుకారు దగ్గరికి వెళ్లి ఒక 30, 40 వేలు కట్టి మిగతాదానికి సంక్రాంతి దాకా టైమ్ అడగండి. ముఖం చాటేసేవాళ్ల మధ్య ఎదురుగా వచ్చి కొంతైనా ఇచ్చినవాళ్లకు రేపు మళ్లీ సరుకు పుడుతుంది. విప్పని తానులు వెనక్కి తీసుకుంటారేమో కూడా అడగండి, అడిగితే పోయేదేమీ లేదు. మిగిలినది షాపు అద్దెకు, టైలర్లను నిలబెట్టుకోవడానికి. చెయ్యి తిరిగిన టైలర్లు ఒకసారి ఊరెళ్లిపోతే బడులు తెరిచిన రోజున మీకు దొరకరు.

మారటోరియం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే దీన్ని మాఫీ అనుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. మొన్న నారాయణగూడలో జిరాక్స్ షాపు నడిపే ఒకాయన లోన్ స్టేట్‌మెంట్ తెచ్చి నా ముందు పెట్టి, "ఒక్క రూపాయి కొత్తగా తీసుకోలేదు, బాకీ ఎట్లా పెరిగింది?" అని అడిగారు. ఆయన వేలు పెట్టి చూపించిన ప్రతి గీత మీదా ఉన్నది నెలనెలా ఎక్కిన వడ్డీనే. మీ లెక్కలో అది నెలకు 4,400. ఆగస్టు 31 దాకా ఆరు నెలలూ కట్టకపోతే 27 వేలు అసలులో కలిసి బాకీ 5 లక్షల 7 వేలు అవుతుంది, అదే ఈఎంఐ కొనసాగిస్తే చివర్లో దాదాపు రెండున్నర ఈఎంఐలు, అంటే 38 వేల దాకా ఎక్కువ కడతారు. మార్చి, ఏప్రిల్‌లో మీకు వేరే దారి లేదు, తప్పు చేశారని అనడం లేదు, క్రెడిట్ స్కోరుకూ దీనివల్ల దెబ్బ లేదు. కానీ ఈ నెలా వచ్చే నెలా వీలైతే ఆ 4,400 అయినా లోన్ ఖాతాలో వేయండి, బాకీ పెరగడం ఆగుతుంది.

నాకు మీ విషయంలో అసలు టెన్షన్ సెప్టెంబరు గురించి. బడులు తెరవకపోయినా ఈఎంఐ మాత్రం మొదలవుతుంది. ఆగస్టు 31 రాకముందే మేనేజర్‌ని కలిసి, గడువు ఐదేళ్లకు పెంచమని కాగితం రాసిచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. ఒప్పుకుంటే 15,700 కాస్తా 11 వేలకు దిగుతుంది. మొత్తం వడ్డీ పెరుగుతుంది, అది తెలిసే అడగండి. వాయిదా తప్పాక వెళ్లి అడిగేదానికీ, ముందే వెళ్లి అడిగేదానికీ చాలా తేడా ఉంటుంది.

పీఎఫ్ ఇప్పుడే వద్దు. కరోనా కారణంగా మూడు నెలల మూల వేతనం, డీఏ, లేదా ఖాతాలో ఉన్నదాంట్లో 75 శాతం, ఏది తక్కువైతే అది తీసుకోనిస్తున్నారు, తిరిగి కట్టక్కర్లేదు, పన్ను లేదు. కానీ 2019-20కి 8.5 శాతం వడ్డీ వచ్చే డబ్బు అది, మీ ఆయన ఉద్యోగానికే ఎసరు వస్తే అదే ఆధారం. అంత అవసరమే పడితే దానికన్నా ముందు బంగారం బ్యాంకులో కుదువ పెట్టండి, ఈ 2020 జూలైలో పది గ్రాములు 50 వేలు దాటి ఉంది కాబట్టి కొంచెం పెడితే సరిపోతుంది. అమ్మకండి. ఫోన్‌లో పది నిమిషాల్లో లోన్ ఇచ్చే యాప్‌ల వైపు మాత్రం అసలు చూడొద్దు.

చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఈ 2020 జూలై 1న మొదలైంది. ప్రస్తుతానికి ఆధార్ చాలు, ఉచితం, ఫీజు అడిగే ఏజెంట్లకు ఇవ్వకండి. మీరు రాయలేదు గానీ యూనిఫామ్‌ల వ్యాపారంలో స్కూళ్ల దగ్గర బాకీలు ఉంటాయని నాకు తెలుసు. రిజిస్టర్ అయి ఉంటే ఇకమీదట ఇచ్చే సరుకుకు 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని చట్టమే చెబుతోంది, ఇవ్వకపోతే ఫిర్యాదు చేయొచ్చు.

మిర్చి బండి అన్నకు పీఎం స్వనిధి అని వీధి వ్యాపారుల లోన్ పథకం ఉంది. 2020 మార్చి 24 నాటికే బండి పెడుతున్నవాళ్లకు తాకట్టు లేకుండా 10 వేలు, ఏడాదిలో నెలనెలా కట్టాలి. టైముకు కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది, ఫోన్‌పేలో డబ్బు తీసుకుంటుంటే నెలకు 100 దాకా క్యాష్‌బ్యాక్, అంతా తీర్చేశాక ఇంకా పెద్ద లోన్ అడగొచ్చు. జీహెచ్‌ఎంసీ గుర్తింపు కార్డు లేకపోతే సిఫారసు లేఖ కోసం అక్కడే అడగమనండి. ఆయనకు ఆన్‌లైన్‌లో చేయడం రాకపోతే మీ షాపులోనే కూర్చోబెట్టి మీరే నింపండి. ఆధార్‌కు లింకైన నంబరు ఉన్న ఫోన్ వెంట తెచ్చుకోమనండి, ఓటీపీ దానికే వస్తుంది.